పిల్లలు చూచిన ఆకాశము

ధ్యాన భాగములు: 1 రాజులు 18:41–46; మత్తయి 16:1–3; ఆదికాండము 8:22



కర్మెలు పర్వతముమీద జరిగిన సంగతి మీరందరు ఎరుగుదురు. దేశములో వాన లేక మూడవ సంవత్సరము గడచుచున్నది. ఏలీయా కొండకొనకు ఎక్కి, నేలకు వంగి, ముఖమును మోకాళ్లనడుమ ఉంచుకొని దేవుని యెదుట నిలిచియుండెను. అప్పుడతడు తన దాసుని సముద్రపు దిక్కు చూచి రమ్మని పంపెను. దాసుడు వెళ్లి చూచి, ఏమియు కనబడలేదని వచ్చి చెప్పెను. ప్రవక్త మరల పంపెను. మరల అదే జవాబు. ఏడవ మారు మాత్రము ఒక చిన్న మేఘము, మనిషి చేయియంతది, సముద్రమునుండి లేచుచున్నదని అతడు వచ్చి చెప్పెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల మనము ఏలీయా ప్రార్థనను గూర్చియే మాటలాడుకొందుము. అది తగినదే. యాకోబు కూడ తన పత్రిక అయిదవ అధ్యాయములో ఆ ప్రార్థననే మనకు మాదిరిగా చూపెను. అయితే ఈ నెల నేను ఆ దాసుని గూర్చి కొంచెము చెప్పగోరుచున్నాను. అతని పేరు మనకు తెలియదు. మన బైబిలులో దాసుడని యున్నచోట హెబ్రీ మాటకు బాలుడు, పడుచువాడు అను అర్థము కూడ గలదు. కాబట్టి అతడు చిన్నవాడై యుండవచ్చును.

ఆ చిన్నవాడు చేసిన పని ఏమి? చూచినది చెప్పెను. అంతే. అది చిన్న పనియని తలంచకుడి. తన యజమానుడు వానకొరకు ప్రార్థించుచున్నాడని అతడెరుగును. మొదటి మారే "మబ్బు పట్టుచున్నదయ్యా" అని చెప్పినయెడల యజమానుడు సంతోషించునని కూడ ఎరుగును. అయినను ఆరు మారులు ఏమియు లేదనియే చెప్పెను. ఏడవ మారు మేఘము కనబడినప్పుడు ఆకాశమంతయు నల్లబడినదని చెప్పలేదు, చేయియంత యున్నదనెను. లేనిదానిని ఉన్నదనలేదు, చిన్నదానిని పెద్దది చేయలేదు. సాక్షికి కావలసిన గుణము ఇదియే.

మన పిల్లలకు ఇట్టి గుణము నేర్పుచున్నామా? పాఠశాలలు తెరచు ఈ జూను నెలలో తలిదండ్రులును, ఆదివారపు పాఠశాల బోధకులును ఈ ప్రశ్నను తమ్మును తాము అడుగుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట, వేసవి మొదట ఒక పల్లె సంఘమునకు వెళ్లితిని. చిన్నపిల్లలు పదునైదుగురు చాపమీద కూర్చుండియుండిరి. "ఈ పూట ఆకాశం ఎట్లా ఉంది?" అని నేనడిగితిని. ముందు వరుసలోని పిల్లవాడు లేచి, చేతులు కట్టుకొని, "దేవుడు చేశాడండి అయ్యగారూ" అనెను. "నిజమే బాబూ, అయితే ఎట్లా ఉంది?" అంటిని. "చాలా మంచిగా ఉందండి" అనెను. ఒక్కరైనను కిటికీవైపు తల త్రిప్పలేదు. అంతలో వెనుకనున్న ఒక చిన్నపిల్ల లేచి, తలుపు దగ్గరకు పోయి, తొంగిచూచి వచ్చి, "పడమట నల్లగా ఉందండి. తాటిచెట్ల పైన. మన మీద మాత్రం ఎండే" అని చెప్పెను. బోధకురాలు, "కూర్చో! అయ్యగారు అడిగింది అది కాదు" అని గద్దించెను.

నేనడిగినది అదియే. అయినను నేను నవ్వి ఊరకొని, పాఠము సాగించితిని. ఆ సాయంకాలము గాలివాన వచ్చెను. కళ్లములలో ఆరబోసిన మిరపకాయలు తడిసిపోయినవి. వాటిలో ఆ పిల్ల తండ్రివి కూడ ఉన్నవి. పడమట నల్లగా ఉన్నదని ఆ బిడ్డ మధ్యాహ్నమునకు ముందే చెప్పెను. అక్కడ పెద్దవారము ముగ్గురము వింటిమి, ఒక్కరమును లేవలేదు. ఆ దినము పాఠము నేర్చుకొనవలసినవాడను నేనని తరువాత గ్రహించితిని.

మన పిల్లలు దేవుని గూర్చి సరియైన జవాబులు చెప్పుటకు త్వరగా నేర్చుకొందురు. అందుకు స్తోత్రము. గాని కన్నులు మూసికొని చెప్పిన సరియైన జవాబు సాక్ష్యము కాదు. వానను దేవుడు పంపునని చెప్పు బిడ్డ, ఆ వాన ఏ దిక్కునుండి వచ్చినదో, ఎంత సేపు కురిసినదో, చెరువులో నీరు ఎంత పెరిగినదో చూడవద్దా? వేసవియు శీతకాలమును, విత్తుటయు కోయుటయు భూమి నిలిచియున్నంతకాలము మానవని దేవుడు జలప్రలయము తరువాత వాగ్దానము చేసెను. మన పల్లె పిల్లలు ఈ వాగ్దానము మధ్యనే పెరుగుచున్నారు. దానిని వారికి చూపుట మన పని. ఇంట కూర్చున్నప్పుడును, త్రోవను నడచునప్పుడును బిడ్డలకు నేర్పుమని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము చెప్పుచున్నది. త్రోవను నడచునప్పుడు తలపైన ఆకాశమే గదా యుండును.

నేర్పుట ఎట్లు? డబ్బుతో పనిలేదు. ప్రతి ఉదయము ఒకే వేళ బిడ్డను వాకిట నిలువబెట్టి నాలుగు ప్రశ్నలు అడుగుడి. ఆకాశములో ఏమి కనబడుచున్నది? గాలి ఏ దిక్కునుండి వచ్చుచున్నది? నిన్నటికంటె వేడియా, చలియా? నేలమీద క్రొత్తగా ఏమి కనబడినది? గాలి దిక్కు తెలియుటకు పిడికెడు ఎండుమట్టి మెల్లగా జారవిడిచిన చాలును, లేక పొయ్యి పొగ ఎటు వంగుచున్నదో చూచిన చాలును. చదువు రానివారు పలకమీద సూర్యుని బొమ్మయో, మబ్బు బొమ్మయో, చినుకుల బొమ్మయో వేయవచ్చును. చదువు వచ్చినవారు ఒక పాత నోటు పుస్తకములో దినమునకు ఒక పంక్తి వ్రాయవచ్చును. అడుగును మూతియు ఒకే వెడల్పుగల డబ్బాను ఆరుబయట చెట్లకు దూరముగా ఉంచి, ఉదయమున అందులోని నీటిని స్కేలుతో కొలిచినయెడల ఎన్ని సెంటీమీటర్ల వాన పడినదో ఏడేండ్ల బిడ్డయు చెప్పగలడు.

తరువాత వారికి మాటలు ఇయ్యుడి. మన తెలుగు భాష ఈ విషయములో ఎంతో సంపన్నమైనది. తుంపర వేరు, జల్లు వేరు, జడివాన వేరు. దినములతరబడి విడువక పట్టిన ముసురు వేరు. పిల్లగాలి, ఈదురుగాలి, సుడిగాలి, వడగాలి ఒకటి కావు. మంచు, పొగమంచు, ఉక్కపోత, వడగండ్లు అను ప్రతి మాటయు ఒక వేరైన వస్తువును చూపును. అంతటికిని "వాన వచ్చింది, ఎండ కాసింది" అని రెండే మాటలతో సరిపెట్టు బిడ్డ చూడవలసినదానిలో సగము చూడడు. మాటలు తాతలయొద్దను నాయనమ్మలయొద్దను ఉన్నవి. వారు వెళ్లిపోకముందే అడిగి తెలిసికొనుడని పిల్లలతో చెప్పుడి.

నేల కూడ ఋతువులను చెప్పును. మోదుగ ఎఱ్ఱగా పూచినప్పుడు చలి పోయి వేసవి వచ్చుచున్నది. వేప పూత, మామిడి పిందె, తాటిముంజ ఒకదానివెంట ఒకటి వచ్చును. మొదటి వానలు పడి నేల మెత్తబడగానే ఎఱ్ఱని మొఖమలు గుడ్డవలె ఆరుద్ర పురుగులు చేలలో తిరుగును. తంగేడు పసుపు పచ్చగా పూచుసరికి వానకాలము వెనుకబడును. ఆకాశములో ఎగురు కొంగ తన కాలమెరుగును గాని నా ప్రజలు నా న్యాయవిధిని ఎరుగరని దేవుడు దుఃఖించినట్లు యిర్మీయా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో చదువుదుము. పక్షి ఎరిగినదానిని మన బిడ్డ ఎరుగకపోవుట మంచిది కాదు.

చీమలు గ్రుడ్లు మోసికొని పోయిన వాన వచ్చునని మీ తండ్రిగారు చెప్పియుందురు. అట్టి మాటను కొట్టివేయవద్దు, గ్రుడ్డిగా నమ్మనుకూడ వద్దు. చీమలు కదలిన దినము బిడ్డచేత వ్రాయించుడి. వాన వచ్చినదో లేదో అదియు వ్రాయించుడి. సంవత్సరాంతమున లెక్క చూడుడి. సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనవలెనని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన బుద్ధి ఇక్కడను పనికివచ్చును.

బైబిలులోని ఆకాశమును మన ఆకాశమును ఒకటే యనుకొని బోధకులు పొరబడకూడదు. పాలస్తీనా దేశమునకు సముద్రము పడమట నున్నది. అందుచేతనే ఏలీయా దాసుడు పడమరకు చూచెను. అందుచేతనే పడమట మబ్బు లేచిన వాన వచ్చునని అక్కడి జనులు చెప్పుకొందురని ప్రభువు లూకా పండ్రెండవ అధ్యాయములో అనెను. మన కోస్తా జిల్లాలకు సముద్రము తూర్పున నున్నది. మన తుఫానులు తూర్పున బంగాళాఖాతములో పుట్టి వచ్చును. నైరుతి ఋతుపవనము జూను మొదట కేరళను తాకి, తరువాత మన ప్రాంతమునకు వచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము దక్షిణ కోస్తాకు వానలనిచ్చును. కాబట్టి సాయంకాలమున ఆకాశము ఎఱ్ఱగా నుండిన మరునాడు నిర్మలముగా నుండునను ఆ దేశపు గుర్తు మన ఊరిలో ఎల్లప్పుడు పనిచేయదు. మన బిడ్డలు తమ ఆకాశమును తామే చూచి నేర్చుకొనవలెను.

తొలకరి వాన అను మాటయు అట్టిదే. యోవేలు గ్రంథములో ఆ మాట విన్నప్పుడు మన పిల్లలు జూను నెలలో నాగళ్లు కట్టు దినములను తలంచుకొందురు. పాలస్తీనాలో తొలకరి వాన అక్టోబరు, నవంబరు నెలలలో పడును; కడవరి వాన మార్చి, ఏప్రిలు నెలలలో పడును; నడి వేసవిలో వాన లేదు. ఇది చెప్పినప్పుడే, గోధుమ కోతకాలమున సమూయేలు ప్రార్థింపగా ఉరుములును వర్షమును వచ్చినప్పుడు జనులెందుకు అంతగా భయపడిరో పిల్లలకు తెలియును.

మరియొక సంగతి. ఉరుము ఉరిమినప్పుడు, "చూచితివా, నీవు అల్లరి చేసితివని దేవుడు కోపించుచున్నాడు" అని బిడ్డలను బెదరించువారు మనలో నున్నారు. ఇది అబద్ధ సాక్ష్యము. దేవుని పేరట చెప్పిన అబద్ధము గనుక మరింత చెడ్డది. నీతిమంతులమీదను అనీతిమంతులమీదను ఆయన వర్షము కురిపించునని ప్రభువు కొండమీద బోధించెను. వాన రాని సంవత్సరమున ఫలాని విధవరాలి పాపమువలన రాలేదనియు, ఫలాని వాడవలన రాలేదనియు చెప్పుటయు అట్టిదే. ఆ మాట విన్న పిల్లలు జీవితాంతము ఆ యింటివారిని ఓరచూపు చూతురు.

భయపెట్టుటకు బదులు లెక్కపెట్టుట నేర్పుడి. మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు ఒకటి, రెండు, మూడు అని క్షణములు లెక్కింపవలెను. శబ్దము క్షణమునకు సుమారు 340 మీటర్లు పోవును; కనుక మూడు క్షణములకు ఒక కిలోమీటరు దూరము. ముప్పదిలోపుగా ఉరుము వినబడినయెడల పిడుగు మనకు అపాయకరమైన దూరములోనే యున్నది. ఒంటి తాటిచెట్టు క్రింద నిలువక, చెరువులో నుండక, గట్టి యింటిలోనికి పోవలెను. చివరి ఉరుము తరువాత ముప్పది నిమిషములవరకు బయటకు రాకూడదు. వాన వెలిసినపిమ్మట బిడ్డ వీపును సూర్యునివైపు త్రిప్పి నిలువబెట్టుడి. ఉదయమైన పడమటను, సాయంకాలమైన తూర్పునను ఇంద్రధనుస్సు కనబడవచ్చును. అది ఎక్కడ వెదకవలెనో ఎరిగిన బిడ్డకు నోవహుతో దేవుడు చేసిన నిబంధన కథ మరువబడదు.

ఇప్పుడు పెద్దవారమైన మన సంగతి చెప్పవలెను. దాసుడు నిజము చెప్పెను. ఏలీయా దానిని విని లేచెను. చేయియంత మబ్బు అని విన్న వెంటనే, వాన నిన్ను ఆపకమునుపు రథము కట్టుకొని పొమ్మని అహాబుకు కబురు పంపెను. పిల్లవాని మాటయని త్రోసివేయలేదు. చూచుట ఎంత అవసరమో, చూచినవాని మాట వినుట అంత అవసరము.

1977 సంవత్సరము నవంబరు 19వ తేదీ, శనివారము, దివిసీమమీద తుఫాను పడెను. ఉప్పెన అయిదారు మీటర్ల యెత్తున పల్లెలమీదికి వచ్చెను. సుమారు 10,000 మంది చనిపోయిరి. ఆదివారము తెల్లవారినప్పుడు ఆరాధనకు గంట కొట్టుటకు మనుష్యులు లేని ఊళ్లుండెనన్నచో అతిశయోక్తి కాదు. 1990 సంవత్సరము మే 9వ తేదీన మచిలీపట్నము సమీపమున మరియొక తీవ్రమైన తుఫాను తీరము దాటెను. అప్పుడును సుమారు 1,000 మంది చనిపోయిరి. అది తక్కువ దుఃఖము కాదు. అయితే ముందుగా హెచ్చరిక అందుటచేతను, లక్షల మందిని తీరమునుండి తరలించుటచేతను ఎన్నో ప్రాణములు దక్కినవి. చూచి చెప్పినవారుండిరి, విని కదలినవారుండిరి. ఈ దినమున వాతావరణ శాఖవారు ఉపగ్రహములతో చూచి పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇచ్చుచున్నారు. ఓడరేవులలో ప్రమాద సూచికలు ఎగురవేయుచున్నారు. వాటి అర్థమును పిల్లలకు నేర్పుడి. తుఫాను నడుమ గాలి ఒక్కసారిగా ఆగిపోయినయెడల అది ముగిసినదని బయటకు రాకూడదనియు, కొంతసేపటికి ఎదుటి దిక్కునుండి మరల గాలి విసరుననియు తప్పక నేర్పుడి.

అయితే ఆకాశమును చదువుట నేర్చినంతమాత్రమున చాలదు. ప్రభువు పరిసయ్యులను గద్దించినది ఇందుకే. ఎఱ్ఱని ఆకాశమును చూచి రేపటి సంగతి చెప్పగలిగియు, తమ కన్నుల యెదుటనే దేవుడు చేయుచున్న కార్యమును వారు చూడలేదు. చూడగలిగియు చూడనొల్లకపోవుట వారి పాపము.

మన యిండ్లలో ఇట్లు జరుగును. నిజము చెప్పుట నేర్చిన బిడ్డ ఆకాశముతో ఆగడు. "మూడు రోజుల నుంచి ముసురు పట్టింది నాన్నా" అని మొదట చెప్పును. మరునాడు, "ముసురు వల్ల కూలి లేదు. పక్కింటి పిన్నివాళ్ల పొయ్యి రాత్రి వెలగలేదు" అని చెప్పును. ఒకనాడు, "నాన్నా, నువ్వు తాగి వచ్చిన రోజు అమ్మ అన్నం తినలేదు" అని కూడ చెప్పవచ్చును. అప్పుడు ఏమి చేయుదుము? చిన్ననోట పెద్దమాటయని నోరు మూయించుదుమా? దేవాలయములో పిల్లలు కేకలు వేయుచుండగా యాజకులు కోపపడిరి. ప్రభువు వారి పక్షమున నిలిచెను. మబ్బును గూర్చి నిజము చెప్పుమని నేర్పి, మనలను గూర్చి నిజము చెప్పినప్పుడు కొట్టినయెడల, ఆ బిడ్డ ఇకమీదట ముందు వరుస పిల్లవానివలె చేతులు కట్టుకొని మనకు ఇష్టమైన జవాబే చెప్పును. ఆ తరువాత తుఫాను వచ్చినను మనకు చెప్పువాడుండడు.

కాబట్టి ప్రియులారా, ఈ నెల మొదలుకొని మూడు పనులు చేయుదము. ప్రతి ఇంట ఉదయ ప్రార్థనకు ముందు ఒక బిడ్డను బయటికి పంపి, ఆకాశము ఎట్లున్నదో చూచి రమ్మని చెప్పుదము. ఏమియు లేదని చెప్పినను మెచ్చుకొందము. ప్రతి ఆదివారము పాఠశాలలో ఒక్కొక్క బిడ్డ ఆ వారపు ఎండవానలను రెండు మాటలలో సంఘము యెదుట చెప్పనిద్దము. ఆ చూచినదానికొరకే ఆ దినము స్తోత్రము చేయుదము, లేక వేడుకొందము. ముసురు పట్టి కూలి లేని వారమున, మన స్త్రీల సమాజమువారు కూర్చు పిడికెడు బియ్యము ఏ యింటికి పోవలెనో పిల్లల నడిగి తెలిసికొందము. ఏ పొయ్యి వెలుగలేదో మనకంటె వారికే ముందు తెలియును.

ఆ చిన్నపిల్ల ఇప్పుడు పెద్దదైయుండును. ఆ దినము నేను లేచి కళ్లమునకు కబురు పంపియుండవలసినది. ఆమె నన్ను క్షమించునని నమ్ముచున్నాను. మీ యింటిలో అట్టి బిడ్డ యుండినయెడల, ఆమె తలుపు దగ్గరనుండి తిరిగి వచ్చి చెప్పినప్పుడు మీరు లేవుడి.

ప్రార్థన: ఋతువులకు కర్తవైన మా తండ్రీ, నీవు మా పైన పరచిన ఆకాశమును చూడకయే నిన్ను స్తుతించిన మా నిర్లక్ష్యమును క్షమించుము. మా బిడ్డలకు తేటయైన కన్నులను, ఉన్నది ఉన్నట్లు చెప్పు నోటిని దయచేయుము. వారి మాట వినుటకు మాకు తగ్గింపును, విని లేచుటకు త్వరితమును అనుగ్రహించుము. ఈ సంవత్సరము మా పొలములకు తగిన వాన నిమ్ము. ఇయ్యని దినమునను నిన్ను నమ్మునట్లు మమ్మును నిలుపుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.